ఓడ జాబితాలో ఒక వరుస

ప్రశ్న: మేడమ్, నేను చరిత్రలో పిహెచ్‌డి మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. మా ప్రాంతం నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు చెరకు తోటల పనికి వెళ్లిన ఒప్పంద కూలీల మీద పరిశోధన చేస్తున్నాను. అందులోనూ ఆడవాళ్ల గురించి రాయాలని నా కోరిక. మా గైడ్ మాత్రం, ‘వలస చరిత్ర మొత్తం రాసి, చివర్లో మహిళల పాత్ర అని ఒక అధ్యాయం పెట్టు. అంతకు మించి రాయడానికి ఆధారాలు ఎక్కడున్నాయి? వాళ్లు ఒక్క ముక్కయినా రాసి పెట్టలేదు కదా’ అంటున్నారు. ‘స్త్రీవాదం పడమటి దేశాల సరుకు, దాన్ని పట్టుకుని వలస పాలనను ఏం విమర్శిస్తావు?’ అని కూడా అడిగారు. నాకు జవాబు తోచలేదు. నేను ఇంతవరకు చూసిన కాగితాలన్నీ దొరలు రాసినవే. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: అమ్మా, మీ గైడ్ చెప్పిన ఆ చివరి అధ్యాయం నేను ఒకప్పుడు రాశాను. నా ఎం.ఫిల్. రోజుల్లో, ఇరవై రెండు పేజీలు. పేరు కూడా అదే, ‘మహిళల పాత్ర’. మీ ఉత్తరం చదివాక అటక మీద నుంచి తీయించి దుమ్ము దులిపి చూశాను. మొదటి ఐదు అధ్యాయాల్లో కూలీ అన్న మాట వచ్చిన ప్రతిచోటా మగవాడే. ఆరో అధ్యాయంలో ఆడవాళ్లు ఊడిపడ్డారు, అప్పటిదాకా ఓడలో ఏ మూలో దాక్కున్నట్టు. పరీక్షకులు మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇప్పుడు చదివితే నవ్వు, సిగ్గు రెండూ వచ్చాయి.

అందుకని ముందు ఆధారాల సంగతి చూద్దాం. నటాల్ కాగితాల్లో ఆడవాళ్లు లేరన్నది పొరపాటు. ఆ కాగితాల నిండా వాళ్లే. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అక్కడి నుంచి 1911లో ఈ వలస ఆగిపోయేదాకా 1,52,184 మంది భారతీయులు ఒప్పందం మీద నటాల్ వెళ్లారు. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లే. ఈ వ్యవస్థలో చాలాకాలం నడిచిన నిబంధన ఒకటుంది: 100 మంది మగవాళ్లు ఓడ ఎక్కితే 40 మంది ఆడవాళ్లు ఎక్కాలి. ఆ లెక్క తేలక ఓడలు రేవులో ఆగిపోయిన సందర్భాలున్నాయి. ఆడకూలీని తెచ్చినవాడికి ఎక్కువ కమీషన్ ఇచ్చిన రోజులూ ఉన్నాయి.

మీ పరిశోధనకు అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. మనుషులను తలల లెక్కన కొలిచే ప్రభుత్వం ఆడవాళ్ల లెక్క దగ్గర ఎందుకంత పట్టుదలగా ఉంది? తోటల యజమానులు మొదట్లో గొణిగారు. ఆడవాళ్లు దండగ ఖర్చని, గర్భిణులు, పసిపిల్లల తల్లులు పనికి రారని రాసుకున్నారు. ఇక్కడి అధికారులేమో ఆడవాళ్లు లేకపోతే తోటల్లో నీతి చెడుతుందన్నారు. పోనుపోను యజమానులకే తెలిసివచ్చింది: కాపురం ఉన్న కూలీ అక్కడే నిలుస్తాడు, పిల్లలు పెరిగి పనికి వస్తారు, మళ్లీ ఓడ ఖర్చు పెట్టి కొత్తవాణ్ణి తెచ్చుకునే అవసరం తగ్గుతుంది. అంటే ఆ నిబంధన వెనక మీకు కనిపించేది ఆ వ్యాపారం లెక్కల పుస్తకమే. వంట, కాన్పు, రోగికి సేవ ఎవరు చేస్తారు, ఆ పని ఖర్చు ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్న మొదటి అధ్యాయంలో రావాలి. ఆరో అధ్యాయంలో పెడితే ముందరి ఐదూ తప్పు లెక్కలవుతాయి.

జీతాలే చూడండి. మగవాడికి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికో షిల్లింగు చొప్పున పెంపు. ఆడదానికి అందులో సగం. తిండిగింజలూ సగమే, అది కూడా పనిలోకి వచ్చిన రోజులకే. కాన్పయి పడుకున్న మనిషి తినాలంటే పక్కవాడి గిన్నె మీద ఆధారపడాలి. తోటల్లో ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ఉండటాన్ని అధికారులు నీతి ప్రశ్నగా రాశారు. మీరు దాన్ని ఈ గిన్నె పక్కన పెట్టి చదవండి.

ఇక ఓడ జాబితాలు. మీరు చూసే ఉంటారు, లేకపోతే వెంటనే చూడండి. ప్రతి మనిషికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఉదాహరణకు నేనే ఒక వరుస అల్లుతాను, ఇలాంటివి మీకు వందల్లో తగులుతాయి: అప్పమ్మ, 22 ఏళ్లు, స్త్రీ, గవర, విశాఖపట్నం జిల్లా, అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ, ఎడమ ముంజేతిపై పచ్చబొట్టు. నా విద్యార్థి దశలో నేనైతే ఈ వరుస నుంచి ‘స్త్రీలు: 1’ అని ఒక గీత గీసుకుని తర్వాతి వరుసకు పోయేదాన్ని. మీరు అలా పోకండి. ఒక్కొక్క గడి దగ్గర ఆగండి.

తండ్రి పేరు ఉంది. భర్త పేరు ఎక్కడైనా ఉందా? కొన్నిచోట్ల ఫలానా నంబరు భార్య అని గుమాస్తా పక్కన రాస్తాడు. రాయనిచోట ఆమె ఒంటరిగా బయలుదేరిందా, వితంతువా, ఓడ ఎక్కేదాకా కూలీలను ఉంచే డిపోలో ఎవరితోనైనా జత కుదిరిందా? ఇలాగే ఒప్పంద కూలీలు వెళ్లిన ఫిజీ దీవులకు ఉత్తర భారతం నుంచి వెళ్లిన ఆడవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఒంటరిగానే నమోదయ్యారు. మగవాడి వెనక నడిచి వెళ్లిన ఇల్లాలు అనే బొమ్మను ఆ ఒక్క సంగతే చెదరగొడుతుంది. నటాల్ వెళ్లిన తెలుగు ఆడవాళ్ల లెక్క ఎలా ఉంటుందో మీరే తేల్చాలి. అలా తేల్చగలిగితే మీ పిహెచ్‌డి సగం అయినట్టే.

ఎత్తు కొలిచారంటే ఎవరో ఆమెను గోడకు ఆనించి నిలబెట్టారు. గుర్తులు రాశారంటే ఎవరో ఒంటి మీద వెతికారు. ముక్కూముఖం తెలియని మగ గుమాస్తా ముందు ఆ వెతుకులాట ఎలా జరిగిందని ఆ కాగితం చెప్పదు. ఏ గడి కోసం ఎవరి ఒంటిని ఎవరు చూశారన్నది మాత్రం మీరు అడగవచ్చు. పచ్చబొట్టు చూడండి. పారిపోతే పట్టుకోవడానికి పనికొస్తుందని గుమాస్తా రాసుకున్నాడు. ఆమెకు అది తిరునాళ్లలో పొడిపించుకున్న పువ్వో, పుట్టింటివాళ్లు వేయించిన పేరో. ఆమె ఒంటి మీద ఆమె ఇష్టంతో ఉన్న ఒకే ఒక రాత సర్కారు పట్టికలో ఆనవాలుగా ఎక్కింది. వాళ్లు ఒక్క ముక్కయినా రాసి పెట్టలేదు కదా అన్న మీ గైడ్‌కు ఈ గడి చూపించండి.

ఇందులో మీకు ఇంకెవరికీ లేని సదుపాయం ఒకటుంది. ఆ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టం వచ్చినట్టు విరిచి రాశారు. డర్బన్‌లో కూర్చుని చదివే పరిశోధకులకు అవి అర్థంలేని అక్షరాలు. మీరు పైకి చదవండి. కళ్లు మూసుకుని, మీ ఊరి వాళ్లు పలికే తీరులో రెండుమూడు సార్లు అనండి. పోలమ్మ, ఎర్రమ్మ, నూకాలమ్మ ఒక్కొక్కరే లేచి వస్తారు. ఊళ్ల పేర్లూ అంతే. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేదని మరిచిపోవద్దు. లేకపోతే విశాఖపట్నం జిల్లా వరుసల్లో మీ ఊరు వెతికి వెతికి లేదనుకుంటారు. అమ్మవారి పేరు పెట్టుకున్న పిల్ల ఏ పేటలో పుట్టి ఉంటుందో మీ నాన్నమ్మ వయసు వాళ్లు చెప్పగలరు. ఏ ఆర్కైవ్స్‌లోనూ దొరకని సూచిక అది.

జాబితాల తర్వాత ఫిర్యాదుల కాగితాలు చదవండి. 1871లో నటాల్ నుంచి మొదటిసారి తిరిగివచ్చిన కూలీలు మద్రాసులో దిగి తమ మీద జరిగిన అన్యాయాలు చెప్పుకున్నారు. దాంతో అక్కడ 1872లో విచారణ సంఘం వేశారు. వలస కూలీల రక్షకుడు అనే అధికారిని పెట్టిందీ ఆ తర్వాతే. రక్షకుడి దగ్గరికి ఆడవాళ్లు వెళ్లారు. గింజలు తక్కువ కొలిచారని, సర్దారు, అంటే కూలీల మేస్త్రీ, కొట్టాడని, జీతం పట్టి ఉంచారని, మొగుడు కొడుతున్నాడని చెప్పుకున్నారు. చీటీ లేకుండా తోట దాటి వెళ్లడం నేరం. అందువల్ల ఫిర్యాదు చేయడానికి నడిచి వెళ్లినవాళ్లకు ఆ నడకకే శిక్ష పడిన సందర్భాలున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ వాంగ్మూలం చదవగానే ‘ఆమె గొంతు దొరికింది’ అని పొంగిపోకండి. నేను పొంగిపోయాను. ఆమె తెలుగులో చెప్పింది. దుబాసీ తనకు తెలిసినంత విన్నాడు, ఇంగ్లీషులో చెప్పాడు. గుమాస్తా తనకు అవసరమైన నాలుగు వాక్యాలు రాసుకున్నాడు. మీ చేతికి వచ్చేది మూడు చేతులు మారిన మాట. అందులో స్వచ్ఛమైన గొంతు వెతికితే నిరాశే మిగులుతుంది. ఆమె ఎంత దూరం నడిచింది, ఎవరిని వెంట తెచ్చుకుంది, ఏ మాటకు అధికారి కలం ఆగింది, ఏ మాటను అడ్డంగా కొట్టేశారు, ఇవి వెతకండి. నెల జీతం మీద ఫిర్యాదు చేస్తే విచారించినవాళ్లు ఆమె ఎవరితో ఉంటోందని అడిగారా? అడిగితే, ఆ ప్రశ్న వేసిన పాలనకు కూలీ జీతానికీ ఆడదాని పడకకూ మధ్య సంబంధం ఉందని తెలుసన్నమాట. మన చరిత్ర పుస్తకాలు ఆ సంబంధాన్ని మరిచిపోయాయి.

మనవాళ్లు కూడా ఆ ప్రశ్నే వేశారు, ఇంకో రకంగా. ఫిజీలో కుంతి అనే కూలీ సంగతి మీరు వినే ఉంటారు. 1912 ఏప్రిల్‌లో రేవా ప్రాంతంలోని అరటితోటలో ఆమెకు తోటివాళ్లకు దూరంగా, ఒంటరి చోట పని అప్పగించారు. అక్కడికి తెల్ల ఓవర్సీర్ వచ్చాడు. ఆమె విడిపించుకుని నదిలో దూకింది. పడవలో ఉన్న ఒక కుర్రవాడు కాపాడాడు. మరుసటి ఏడాది ఆమె చెప్పుకున్న కథ కలకత్తా నుంచి వెలువడే భారత్ మిత్ర పత్రికలో అచ్చయింది, దేశమంతా అట్టుడికింది. భారత ప్రభుత్వం విచారణ కోరితే, ఫిజీ అధికారులు ఆమె నడత మంచిది కాదని రాసి పంపారు. ఇక్కడి జాతీయవాదులు ఆమెను పతివ్రతగా నిలబెట్టారు. ఇద్దరూ ఒకే కొలబద్ద పట్టుకున్నారు, చెరో కొసన.

కుంతి చెప్పినదానిలో ఇద్దరూ దాటేసిన ముక్క ఒకటుంది: తనకు పని అప్పగించిన తీరు. ఎవరిని గుంపులో ఉంచాలి, ఎవరిని ఒంటరిగా పంపాలి అన్నది ఓవర్సీర్ చేతిలో ఉంది. అది కూలి సమస్య. అత్యాచార ప్రయత్నం ఆ కూలి సమస్యలోంచే పుట్టింది. నడత గురించిన గొడవలో పని కేటాయింపు మాట ఎవరికీ వినిపించలేదు. ఒప్పంద వలసను రద్దు చేయాలన్న ఉద్యమం ఆడవాళ్ల మానం చుట్టూ తిరిగింది. మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు 1917 జనవరిలో అలహాబాద్‌లో చేసిన ప్రసంగం కూడా ఆ కోవలోదే. ఆ మార్చిలో కూలీల సేకరణ ఆగిపోయింది. మంచి పనే జరిగింది, కాదనను. కానీ గెలిచిన వాదన ‘మా ఆడవాళ్ల పరువు’ అన్నదే. ‘ఆడకూలీకి సగం జీతం ఎందుకు’ అన్న ప్రశ్న వాదనలోకే రాలేదు. ఆ గెలుపులో ఎవరి మాట మిగిలిందో, ఎవరిది జారిపోయిందో చూడటమే నేను స్త్రీవాద చరిత్ర అనుకునేది. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, ఆ జారిపోయినది తర్వాత మన రాజ్యాంగం, చట్టాల దాకా వెంట వస్తుంది కాబట్టి.

మీ దక్షిణాఫ్రికాలోనే ఇంకొకటి. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సర్ల్ క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవన్న అర్థం వచ్చే తీర్పు ఇచ్చాడు. మన పాఠాల్లో ఆడవాళ్లు సత్యాగ్రహంలోకి దిగిన కథ ఈ తీర్పుతోనే మొదలవుతుంది: తమను ఉంపుడుగత్తెలన్నారని రోషంతో వచ్చారని. అది నిజమే, కానీ అందులో సగమే. ఒప్పందం ముగిశాక నటాల్‌లో ఉండిపోయినవాళ్ల మీద ఏడాదికి మూడు పౌండ్ల పన్ను ఉండేది. 1895లో చట్టం చేశారు. 1903లో దాన్ని పిల్లలకూ పొడిగించారు: మగపిల్లలకు 16 ఏళ్లు నిండితే, ఆడపిల్లలకు 13 నిండితే.

ఇప్పుడు కాగితం పెన్సిలు తీసుకోండి. పౌండుకు 20 షిల్లింగులు, మూడు పౌండ్లు అంటే 60. ఆడకూలీకి ఒప్పందం మొదటి ఏడాది నెలకు 5 షిల్లింగులు, ఏడాదికి 60. ఆ ఏడాదంతా చేసిన కూలి ఎంతో, ఒప్పందం ముగిశాక అక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఏటా కట్టవలసిన పన్ను అంత. మగవాడికి అదే పన్ను మొదటి ఏడాది జీతంలో సగం. ఇంట్లో 13 ఏళ్ల పిల్ల ఉంటే ఇంకో మూడు పౌండ్లు. కట్టలేనివాళ్లకు తిరుగు ఓడ, లేదా మళ్లీ ఒప్పందం, లేదా జైలు. మగపిల్లవాడికంటే ఆడపిల్లను మూడేళ్లు ముందే పన్ను కట్టే మనిషిగా ఎందుకు లెక్కేశారు? నేను ఈ లెక్క మొదటిసారి వేసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

1913 అక్టోబరులో పక్కనున్న ట్రాన్స్‌వాల్ ప్రాంతం నుంచి నటాల్‌లోని న్యూకాసిల్ బొగ్గుగనుల దగ్గరికి వెళ్లి కూలీలను సమ్మెకు పిలిచిన పదకొండు మంది ఆడవాళ్లలో ఎక్కువమంది తమిళులు. వాళ్లు గనుల దగ్గర మాట్లాడింది ఈ పన్ను గురించి. ఆ పదకొండు మందిలో లేకపోయినా అదే సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, జ్వరంతో బయటికి వచ్చి 1914 ఫిబ్రవరి 22న చనిపోయిన వళ్లియమ్మకు 16 ఏళ్లు. జోహానెస్‌బర్గ్‌లో పుట్టిన పిల్ల. అమరురాలిగా ఆమెకు బొమ్మలు వెలిశాయి. గనుల దగ్గరికి వెళ్లిన ఆ పదకొండు మంది పేర్లు చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలరు? ఆ ఏడాదే వచ్చిన చట్టంతో పన్ను పోయింది, పెళ్లిళ్లకు గుర్తింపు వచ్చింది.

ఇక మీ గైడ్ రెండో మాట. స్త్రీవాదం పడమటి సరుకేనా? ఆయన మాటలో కొంత నిజముంది, కోపం తెచ్చుకోకండి. ఓటు కోసం పోరాడిన ఇంగ్లండు ఆడవాళ్లు చాలామంది, భారతదేశంలోని అక్కచెల్లెళ్లను ఉద్ధరించడానికి తమకు ఓటు కావాలని వాదించారు. అంటే సామ్రాజ్యం భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. 1927లో కేథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి మన బాల్యవివాహాలను చూపించి, మనకు స్వరాజ్యార్హత లేదని పుస్తకమే రాసింది. ఆడవాళ్ల కష్టాన్ని పాలకులు తమ పాలనకు సమర్థనగా వాడుకోవడం సామ్రాజ్య చరిత్రలో పాత అలవాటు. ఆ అలవాటును బయటపెట్టింది కూడా స్త్రీవాద చరిత్రకారులే. మరి మనకు సొంత సంప్రదాయం లేదా? భండారు అచ్చమాంబ 1901లోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రచురించింది. ఆడవాళ్లు బుద్ధిలో తక్కువన్న మాటను ఖండించడానికి ఊరూరా వివరాలు పోగుచేసి చరిత్ర రాసిన మనిషి. ఆమె ఎంచుకున్నవాళ్లలో రాణులూ విదుషీమణులే ఎక్కువ, కూలీలు లేరు. కానీ ‘ఆధారాలు ఎక్కడ’ అంటే వెళ్లి తెచ్చుకోవడం మనకు ఆవిడ నేర్పిందే. గైడ్‌కు ఆ పుస్తకం పేరు చెప్పండి. చరిత్ర శాఖలో పాతికేళ్లు చేసి ఆ పేరు విననివాళ్లను నేను చూశాను.

స్వాతంత్ర్యం వచ్చాక ఏమైందన్నదీ మీ ప్రశ్నలో భాగమే, మీరు రాయకపోయినా. విభజన తర్వాత 1949లో మన పార్లమెంటు పాత్ర పోషిస్తున్న సభ, అపహరణకు గురైనవాళ్లను తిరిగి రప్పించే చట్టం చేసింది. అపహృతులంటే ఎవరన్న నిర్వచనం ఒక్కసారి నిదానంగా చదవండి: 1947 మార్చి 1 నుంచి కుటుంబానికి దూరమై వేరేవాళ్ల దగ్గర ఉన్న ముస్లింలలో, మగపిల్లవాడైతే 16 ఏళ్ల లోపువాడు, ఆడదైతే ఏ వయసైనా. నలభై ఏళ్ల స్త్రీ అయినా చట్టం కళ్లకు పదిహేనేళ్ల కుర్రవాడితో సమానం. నేను వెళ్లను, ఇక్కడే ఉంటాను అంటే ఆ మాటకు చట్టంలో చోటు లేదు. ఎంతోమందిని నిజంగా నరకం నుంచి బయటికి తెచ్చారు. కొందరిని ఏడుస్తుంటే కూడా తీసుకుపోయారు. జెండా మారింది, పటాల్లో గీతలు మారాయి, ఆడవాళ్లను కుటుంబాల, మతాల, దేశాల లెక్కలో సర్దే చెయ్యి మారలేదు. నటాల్ గుమాస్తా పట్టికలో ‘ఫలానా నంబరు భార్య’ అన్న గడికీ దీనికీ ఉన్న చుట్టరికం మీరు చూడగలరు.

మన తెలుగులో దీనికి గట్టి మాదిరి ఉంది. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ల మాటల్లోనే రాసిన పుస్తకం. లైబ్రరీలో తీసుకుని, ఏ సంఘటన ఎప్పుడు జరిగిందన్నది పక్కన పెట్టి, వాళ్లను ఏ ప్రశ్నలు అడిగారో గమనిస్తూ చదవండి. పోరాటం ముగిశాక ఇంటికి వెళ్లి కాపురం చేసుకోమన్నప్పుడు ఎలా అనిపించింది, దళంలో ఉండగా బిడ్డను ఏం చేశారు, ఇలాంటివి. పార్టీ చరిత్రలకు 1948, 1951 ముఖ్యమైన సంవత్సరాలు. బిడ్డను వదులుకున్న తల్లికి కాలం వేరేచోట విరిగింది.

ఇలా అడగడం నాకు మా నాన్నమ్మ నేర్పింది, ఆమెకు తెలియకుండానే. మా తాత రంగం వెళ్లివచ్చిన మనిషి. మీకు చెప్పనక్కర్లేదు, మన వైపు రంగూన్‌ను రంగం అంటారు. కోరంగి రేవు పేరుతో మనవాళ్లను అక్కడ కోరంగీలని పిలిచేవారు. వెళ్లినవాళ్లలో అత్యధికులు మగవాళ్లే. ఇంట్లో టేకు పెట్టె ఒకటుండేది, రంగం పెట్టె అనేవారు. నేను టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చుని ‘నాన్నమ్మా, ఆ రోజుల చరిత్ర చెప్పు’ అంటే తాత ఎక్కిన ఓడ, తాత చేసిన రేవు పని, తాత తెచ్చిన పట్టుగుడ్డ, అన్నీ చెప్పింది. ‘మరి నువ్వు?’ అంటే ‘నాదేముంది, ఇంట్లో ఉన్నాను’ అంది. టేప్ అయిపోయింది. మర్నాడు చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్నప్పుడు, ఏమీ తోచక, ‘తాత లేని ఏళ్లలో మన పల్లపు మడి ఊడ్పు ఎవరు చూశారు?’ అని అడిగాను. అంతే. పాలేరు ఎగ్గొట్టిన ఏడాది, షావుకారు దగ్గర పుస్తెలు పెట్టి విత్తనం తెచ్చిన ఏడాది, రంగం నుంచి మనియార్డరు రాని పద్నాలుగు నెలలు, మరిది భూమి రాయించుకోవాలని చూస్తే ఊరి మధ్యలో నిలబడి అరిచిన రోజు. పిక్కలు అయిపోయినా మాటలు అయిపోలేదు. టేప్ రికార్డర్ లోపలి గదిలో ఉంది. లేచి తెచ్చుకుంటే ఆగిపోతుందని భయపడి తెచ్చుకోలేదు.

మగవాడు ఓడ ఎక్కి సామ్రాజ్యానికి పనిచేశాడు. ఆ ఏళ్లంతా ఇక్కడి మడిని, పిల్లలను, అతని ముసలి తల్లిదండ్రులను నిలబెట్టింది ఎవరో ఏ సర్కారు కాగితంలోనూ లేదు. అతనికి అంత తక్కువ కూలి ఇచ్చి నడిపించగలిగింది ఆ నిలబెట్టిన చెయ్యి వల్లనే. అందుకని నటాల్ వెళ్లినవాళ్లతో పాటు ఉండిపోయినవాళ్లనూ మీ పరిశోధనలోకి తెచ్చుకోండి. మీ ఊరివాళ్లను ‘చరిత్ర చెప్పండి’ అని మాత్రం అడగకండి. ఊడ్పు అడగండి, అప్పు అడగండి, ఎవరింట్లో కాన్పయిందో అడగండి.

కులం గడి దాటవద్దు. ‘స్త్రీలు’ అని ఒకే కట్ట కట్టేస్తే మళ్లీ నా ఆరో అధ్యాయమే అవుతుంది. మాల మాదిగ ఆడవాళ్లకు పొలం పని, దొర ముందు నిలబడటం, ఊరు దాటడం కొత్త కాదు. గడప దాటని కులం నుంచి వచ్చిన వితంతువుకు ఓడ ఎక్కడమంటే వేరే అర్థం. కొందరికి ఆ ఓడ ఊరి నుంచి విడుదల కూడా. ఆ మాట రాయడానికి భయపడకండి, తోటలో పడ్డ దెబ్బలు రాయడానికీ భయపడకండి. రెండూ ఒకే మనిషికి జరిగి ఉండవచ్చు. పీడితురాలా, వీరనారా అని ఎవరైనా తేల్చమంటే తేల్చకండి.

ఇక చేతల సంగతి. గైడ్‌తో వాదనకు దిగవద్దు. సంతకం ఆయనదే కదా. అధ్యాయాల పేర్లు ఆయన చెప్పినట్టే ఉంచి, మొదటి అధ్యాయంలో కూలి, తిండి, 40 లెక్క పెట్టండి. స్త్రీవాదం అన్న మాట మొదటి ముప్పై పేజీల్లో రాయకపోయినా నష్టం లేదు. ఆ మూడు పౌండ్ల లెక్క ఒక్కటి వేసి చూపించండి. అది ఏ సిద్ధాంతానికీ లొంగదు, ఏ గైడ్‌నూ వదలదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలకు చెన్నైలో ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. వేసవిలో వద్దు, సెప్టెంబరు తర్వాత వెళ్లండి. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వారి వలస శాఖ దస్తావేజులు కొన్ని అభిలేఖ్ పటల్ అనే వాళ్ల వెబ్‌సైటులో ఇంట్లోంచే చూడవచ్చు. ఓడ జాబితాల సమాచారాన్ని డర్బన్‌లోని క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయం వాళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. వాళ్లకు ఉత్తరం రాయండి, తెలుగు చదవగలనని తప్పక చెప్పండి.

మొదట ఒక్క ఓడ తీసుకోండి, అందులో ఒక్క పేజీ. దాని నకలు చేతికి వచ్చిన రోజు నాకో కార్డు ముక్క రాయండి. ఆ పేజీలో ఆడవాళ్ల వరుసలు ఎన్నో, వాటిలో పచ్చబొట్లు ఎన్నో రాస్తే చాలు.